ఎస్సీ మహిళ సీటు వస్తే నిలబడమంటన్నారు, నా పేరేమో సంఘం రిజిస్టర్లో ఉంది. ఏం చెయ్యాలి?

టంగుటూరి ఆడబిడ్డ:

అందరికీ వందనాలండి. కొంచెం పెద్దగా రాస్తన్నా, ఓపిగ్గా చదవండి. మాది టంగుటూరు కాడ ఒక ఊరు, పేరు వద్దులెండి. పల్లెలో మేం నూట ఇరవై గడప దాకా ఉంటాం, ముత్తాతల కాలం నుంచి అందరం బాప్టిస్టు సంఘమే. మా నాయన సంఘానికి సెక్రటరీ, ఇరవై ఏళ్ళ నుంచి బాప్తిస్మాల రిజిస్టరు, పెళ్ళిళ్ళ రిజిస్టరు, చందాల లెక్క అన్నీ ఆయన చేతిరాతే. నేను డిగ్రీ చేసి డ్వాక్రా గ్రూపు లీడరుగా ఉండా, బ్యాంకుకి పోవాలన్నా పింఛను ఆగిపోయిందన్నా ఊళ్ళోవాళ్ళు కూడా నా కాడికే వస్తారు.

ఇప్పుడు సంగతేందంటే వచ్చే పంచాయతీ ఎలక్షన్లో మా ఊరు ఎస్సీ మహిళకి వస్తదని అందరూ అనుకుంటన్నారు, ఊరి పెద్దాయన ఒకరు ఇంటికొచ్చి నువ్వే నిలబడమ్మా ఖర్చంతా మేం చూసుకుంటాం అన్నాడు. పంచాయతీ ఎలక్షన్కి పార్టీ గుర్తులుండవు గానీ వెనకాల ఎవరుంటారో అందరికీ తెలిసిందే. నాకు ఆశ లేదని అబద్ధం చెప్పను. మా పల్లెకి పోయే దారిలో రెండేళ్ళ నుంచి లైట్లు లేవు, వానాకాలం ఆడపిల్లలు ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు ఫోన్ లైటు పట్టుకోని వస్తారు, అది చూసినప్పుడల్లా నేను ఆ కుర్చీలో ఉంటే అనిపిస్తది.

కానీ ఆయన మూడు మాటలు చెప్పాడు. నాకు హిందూ అని ఎస్సీ సర్టిఫికెట్ ఎట్టాగూ ఉంది, డిగ్రీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ దాంతోనే వచ్చింది, నామినేషన్‌కి అదే పెట్టమన్నాడు. రెండోది, అవతలోళ్ళు కేసు వేస్తారు కాబట్టి ముందే మీ నాయనకి చెప్పి రిజిస్టర్లో నీ పేరు కొట్టేయించు, రామాలయంలో బొట్టు పెట్టుకోని ఒక ఫోటో దిగు అన్నాడు. గెలిచినాక పోలేరమ్మ తిరునాళ్లకి మొదటి కొబ్బరికాయ సర్పంచే కొట్టాలి, అది ఊరి ఆచారం అన్నాడు.

పాస్టర్ గారిని అడిగితే ప్రార్థన చేద్దాం అని ఊరుకున్నాడు. మా నాయన ఏమీ అన్లేదు, ఆ రోజు అన్నం మాత్రం సరిగ్గా తిన్లేదు. ఇట్టాంటి పరిస్థితి దాటిన వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఊరికి మంచి చెయ్యటానికి ఇంత మాత్రం సర్దుకోవచ్చా, లేకపోతే ఇది ఇద్దరు యజమానుల కింద పనిచెయ్యటం అవుద్దా?

కోవూరు మాజీ వార్డు మెంబరు:

చెల్లీ, నేను జనరల్ మహిళ సీటులో వార్డు మెంబరుగా చేశా, మాది కూడా చర్చి కుటుంబమే కాబట్టి కొబ్బరికాయ సంగతి వరకు చెప్పగలను. గెలిచిన మూడో నెల్లోనే సిమెంట్ రోడ్డుకి భూమిపూజ పెట్టారు, నా చేతికి కాయ ఇచ్చారు. కాళ్ళు వణికినయ్యి నిజం చెప్తన్నా. పక్కన మేస్త్రి నిలబడుకోనుండాడు, అన్నా కట్టేది నువ్వు, నువ్వు కొట్టు, నేను మొదటి తట్ట కంకర వేస్తా అని కాయ ఆయనకి ఇచ్చి తట్ట ఎత్తుకున్నా. ఒక్కరు కూడా తప్పు పట్టలా. ఒక పెద్దావిడైతే నీ దేవుడు నీకుండాడులే అనింది.

తిరునాళ్లకి సర్పంచ్ చెయ్యాల్సిన పని వేరే చాలా ఉంటది. నీళ్ళ ట్యాంకర్లు, బ్లీచింగ్ చల్లించటం, లైట్లు, తొక్కిసలాట కాకుండా తాళ్ళు కట్టించటం. అవి చేస్తే అమ్మవారికి పూజ చేసినట్టు కాదు, ఊరికి పనిచేసినట్టు. మా నెల్లూర్లో రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు కాడ అన్ని మతాల వాళ్ళూ వచ్చి పనిచేస్తారు, నేను కూడా ఒక ఏడు మంచినీళ్ళ కౌంటర్లో నిలబడ్డా, దాని వల్ల నా విశ్వాసం తరిగిందని నేను అనుకోలా. పౌలు కూడా విగ్రహాలకి పెట్టినదాన్ని గురించి కొరింథీయులకి రాసినప్పుడు అంగట్లో అమ్మేది ఏదైనా తినొచ్చు, ఆరా తియ్యొద్దు అన్నాడు, కానీ ఎవరైనా ఇది బలి ఇచ్చినది అని చెప్తే ఆ చెప్పినవాడి కోసం తినొద్దు అన్నాడు. ఆ తేడా పట్టుకుంటే చాలా చోట్ల దారి కనపడద్ది.

రిజిస్టర్ మాట మాత్రం నాకు మింగుడు పడలా. కాయ పక్కోడికి ఇచ్చేయొచ్చు. పేరు కొట్టేసి ఎవరికి ఇస్తావు?

నెల్లూరు వకీలు:

అమ్మా, ఆత్మీయ సంగతులు పెద్దలు చెప్తారు, నేను చట్టం వరకు చెప్తా, ఎందుకంటే మీ పెద్దాయన మీకు సగమే చెప్పాడు.

1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా అని ఒకటి ఉంది. హిందూ మతం కాకుండా వేరే మతం పాటించేవాళ్ళని ఎస్సీగా లెక్కించకూడదు అని. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని, ముస్లింల్ని కలపలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు బీసీ-సీ కిందకి వస్తారు, చదువుల్లో ఉద్యోగాల్లో ఒక్క శాతం.

ఇక్కడ అందరూ పొరపాటు పడేది ఏందంటే సర్టిఫికెట్ చేతిలో ఉంటే చాలు అనుకుంటారు. చాలదు. 2025లో మన హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది, ఆయన దగ్గర ఎస్సీ సర్టిఫికెట్ ఉండి కూడా. మతం మారినాక ఆ కాగితం రద్దు కానంత మాత్రాన రక్షణ రాదు అని చెప్పింది. 2024 నవంబర్లో సుప్రీంకోర్టుకి పుదుచ్చేరి నుంచి ఒకామె కేసు వచ్చింది, క్లర్కు పోస్టు కోసం హిందువునని ఎస్సీ సర్టిఫికెట్ అడిగింది, చిన్నప్పుడే బాప్తిస్మం అయ్యింది, చర్చికి పోతానే ఉంది. విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం పేరు చెప్పటం రాజ్యాంగాన్ని మోసం చెయ్యటమే అని కోర్టు గట్టిగా అనింది. మీ రామాలయం ఫోటో ఎందుకూ పనికిరాదు, ఇంకా చెప్పాలంటే అదే మీ మీద సాక్ష్యం అవుద్ది, ఎలక్షన్ ముందు పేరు కొట్టించుకోని ఎలక్షన్ అయిన వారం మళ్ళీ ఆరాధనకి పోతే ఎవరైనా అడుగుతారు కదా.

తప్పుడు కుల సర్టిఫికెట్ల మీద మన రాష్ట్రానికి 1993 చట్టం ఉంది, విచారణ చేసి రద్దు చేసే అధికారం కలెక్టర్‌కి ఉంటది, జైలు శిక్ష కూడా ఉంది. ఓడినోళ్ళు ట్రిబ్యునల్‌కి పోతే పదవి పోద్ది, ఖర్చు పెట్టిన పెద్దాయనకి ఏం కాదు, కేసు మీ పేరు మీద నడుస్తది.

సీటు జనరల్ మహిళకో బీసీ మహిళకో వస్తే దర్జాగా నిలబడండి, బీసీ అయితే బీసీ-సీ సర్టిఫికెట్ తీసుకోని. కానీ ఒక మాట అడుగుతా, మీ ఇంట్లో ఎవరైనా ఎస్సీ కోటాలో ఉద్యోగంలో ఉన్నారా? ఉంటే ఏ కాగితానికైనా సచివాలయంలో అర్జీ పెట్టేముందు ఎవరైనా లాయరు దగ్గర కూర్చోండి.

కందుకూరు కుర్రోడు:

వకీలు గారూ మీరు చెప్పింది చట్టం, కాదనను. కానీ అది న్యాయమేనా? నీళ్ళల్లో మునిగి లేచినాక కులం పోయింది అని ఢిల్లీ అంటది, మా ఊరు అనదు కదండీ. మా పల్లె శ్మశానం ఇప్పటికీ వాగవతలే. మా నాయన ఎంత బైబిలు పట్టుకోని తెల్లచొక్కా వేసుకోని పోయినా ఊళ్ళో పిలిచేది కులంతోనే. ఇంటి అద్దెకి ఒంగోలు పోతే ముందు అడిగేది ఏ చర్చి అని కాదు, ఎవుళ్ళు మీరు అని. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఆ మూడో పేరా తీసెయ్యమని చెప్పింది, మన అసెంబ్లీ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసి పంపింది, అంతకుముందే 2022లో కేంద్రం ఈ సంగతి చూడమని బాలకృష్ణన్ గారి కమిషన్ వేసింది. ఎప్పటికి తేలేను, అప్పటిదాకా మా పిల్లలు ఏం చెయ్యాల?

అక్కా, అందుకే నేను నీకు వద్దు అని చెప్పలేను. నయమాను సంగతి గుర్తు తెచ్చుకో, రెండో రాజుల గ్రంథం ఐదో అధ్యాయం. కుష్టు బాగయినాక ఎలీషాతో ఏమన్నాడు, మా రాజు రిమ్మోను గుళ్ళోకి పోయి నా చెయ్యి పట్టుకోని మొక్కేటప్పుడు నేను కూడా వంగాల్సొస్తది, ఆ ఒక్క సంగతిలో యెహోవా నన్ను క్షమించాలి అన్నాడు. ఎలీషా తిట్టాడా? నెమ్మదిగా పొమ్మన్నాడు. ఎస్తేరు కూడా రాణి అయ్యేటప్పుడు ఎవుళ్ళ పిల్లో చెప్పలేదు, మొర్దెకై చెప్పొద్దన్నాడు. మన జనానికి ఒక కుర్చీ దొరకటమే కష్టం, అది కూడా మన నిజాయితీకి బలి ఇచ్చుకోని వేరేవాళ్ళ చేతిలో బొమ్మలా ఉండే మనిషికి అప్పజెప్తామా? ఆలోచించు.

ఒంగోలు పాత డీకన్:

అమ్మా, నాకు డెబ్బై దాటినయ్యి, మనవడు టైపు చేస్తండాడు, నేను చెప్తండా.

కందుకూరు అబ్బాయి కోపం నాకు తెలుసు, ఆ కోపంలో అబద్ధం లేదు. ఆ మూడో పేరా మన మీద పడ్డ రాయి అనే నేను కూడా అనుకుంటా. కానీ నాయనా, నయమాను ఎలీషా దగ్గర చెప్పి వెళ్ళాడు, దాచి పెట్టలా. నా పని ఇది, నా మోకాలు వంగద్ది, నా మనసు వంగదు అని ప్రవక్త ముందర ఒప్పుకున్నాడు. సిరియా పోయి నేను యెహోవాని ఎరగను అని రాసివ్వలా. ఎస్తేరు కూడా చివరికి రాజు ముందర నేను ఆ జనం మనిషినే అని చెప్పాల్సొచ్చింది, నశిస్తే నశిస్తా అని పోయి చెప్పింది. ఇప్పుడు ఈ ఆడబిడ్డని అడిగేది దానికి పూర్తిగా ఎదురు కదా, ఉన్న పేరు కొట్టెయ్యమని.

మన జిల్లాలో ఈ గొడవ కొత్తది కాదు. అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చినప్పుడు కనిగిరి వైపు నుంచి యర్రగుంట్ల పేరయ్య గారు నమ్ముకున్నారు, చెప్పులు కుట్టే తోళ్ళ వ్యాపారం ఆయనది. అప్పుడు మన పెద్దోళ్ళు ఒప్పుకున్న కట్టుబాట్లు మూడు, చచ్చిన గొడ్డు తినం, ఆదివారం పని చెయ్యం, విగ్రహానికి మొక్కం. వినటానికి తేలిగ్గా ఉంటయ్యి. కానీ మాదిగ అనేవాడు దేవర కొలువుకి డప్పు కొట్టి తీరాల, అది వాడి పని, దానికే కళ్ళంలో వాడికి గింజలు. మేం కొట్టం అనేసరికి కరణాలు మునసబులు పగబట్టారు, బావి కాడ నీళ్ళు ఆపారు, కూలి ఆపారు, కొట్టారు. మా తాత చెప్పేవాడు, ఆయన తాత కొట్టను అన్న ఏడు డప్పుని ఇంటి అటక మీద పెట్టేశాడంట. మా చిన్నప్పుడు కూడా అది అక్కడే ఉండేది. వెదురు చట్రం నల్లగా పొగచూరి, తోలు ఒక పక్క ఎలక కొరికేసి ఉండేది, చితుకుల మంట మీద కాగబెడితే తప్ప పలకదు కదా, వేలితో తడితే అట్టముక్క మాదిరిగా చప్పుడు వచ్చేది. మా నాయనమ్మ దాన్ని పొయ్యిలో పెట్టనిచ్చేది కాదు.

ఇంకోటి కూడా చెప్తా. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళు క్లౌ దొర కంట్రాక్టు తీసుకోని మన జనానికి పని పెట్టాడు. వేలమంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు, కూడు పెట్టేచోట బాప్తిస్మం ఇస్తే కూటి కోసం వచ్చారంటారు అని పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలా. కరువు సాయం ఆపినాక 1878 జులై 3న వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2222 మంది మునిగారు. ఇప్పుడు వెల్లంపల్లి అంటే అందరికీ పొగాకు వేలం కేంద్రమే తెలుసు, ఆ రేవు సంగతి పిల్లలకి తెలీదు. నేను చెప్పొచ్చేది ఏందంటే, గింజల కోసం పేరు రాయించుకున్నారు అనే మాట రాకూడదని ఆనాడు పదిహేను నెలలు ఆగారు. ఈనాడు కుర్చీ కోసం పేరు కొట్టేయించుకున్నారు అనే మాట మనం తెచ్చుకుంటామా?

తప్పు నీ ఒక్కదాని మీద పెట్టట్లా తల్లీ. సంఘాలు చేసింది ఎక్కువ. ఎలక్షన్ వస్తే ఆదివారం ఆరాధన మధ్యలో నాయకులొస్తారు, పాస్టర్లు లేచి దండలేసి మైకు ఇస్తారు, వాక్యం పావుగంట, వాళ్ళ ప్రసంగం ముప్పావుగంట. ఒకరు మైక్ సెట్ ఇస్తా అంటారు, ఇంకొకరు ప్రహరీ గోడ కట్టిస్తా అంటారు. మా సంఘంలో ఒక ఎలక్షన్‌కి రెండు పక్షాల వాళ్ళూ ఒకే ఆదివారం వచ్చారు, ఒకాయన ముందు తలుపు నుంచి పోతంటే ఇంకొకాయన పక్క తలుపు నుంచి వచ్చాడు, ఆ రోజు బల్లారాధన, అంటే ప్రభు రాత్రి భోజనం. రొట్టె పళ్ళెం పట్టుకోని నేను నిలబడుండా, వాళ్ళ మాట అయ్యేదాకా గుడ్డ కప్పి పట్టుకోని నిలబడుండా. ఆ రోజు సిగ్గుపడ్డట్టు నేను ఎప్పుడూ పడలా. పాస్టర్లకి ప్రభుత్వం నెలకి ఐదు వేలు గౌరవవేతనం పెట్టినప్పుడు పేద పాస్టర్లకి ఆసరా అని నేను కూడా సంతోషపడ్డా, కానీ అప్పటి నుంచి కొందరికి నోరు పెగలట్లేదు, నీ పాస్టర్ గారు ప్రార్థన చేద్దాం అని ఊరుకున్నాడు అంటే నాకు ఆశ్చర్యం లేదు. ఆయన్ని కూడా తప్పుపట్టొద్దు, ఇంకోసారి పోయి గట్టిగా అడుగు.

కందుకూరు కుర్రోడు:

తాతయ్యా, దాచటం వేరు కొట్టెయ్యటం వేరు అన్న మాట ఒప్పుకుంటా. కానీ మన సంఘాల్లో ఉద్యోగం వచ్చేదాకా బాప్తిస్మం వాయిదా వేసుకునే పిల్లలు ఎంతమంది లేరు? కాగితం పోద్దని భయం. క్వయిర్లో పాడతారు, సండే స్కూల్ చెప్తారు, నీళ్ళల్లోకి మాత్రం దిగరు. వాళ్ళని కూడా ఎవరూ అడగట్లేదు, అక్క ఒక్కదాన్నే అడిగితే ఎట్టా.

టంగుటూరి ఆడబిడ్డ:

అందరికీ మళ్ళీ వందనాలు, వారం రోజులు పట్టింది రాయటానికి.

వకీలు గారూ మీరు అడిగింది సరిగ్గా తగిలింది. మా అన్నయ్య సర్కారు బడిలో టీచరు, ఎస్సీ కోటాలోనే వచ్చింది. కందుకూరు తమ్ముడు చెప్పిన పిల్లల్లో మా అన్నయ్య ఒకడు. ఉద్యోగం వచ్చినాక తీసుకుంటా అన్నాడు, వచ్చి ఏడేళ్ళయ్యింది.

మొన్న శనివారం రాత్రి నాయన బీరువాలో నుంచి రిజిస్టర్ తీశాడు, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెడతాడు, చెదలు పట్టకుండా వేపాకు కూడా వేస్తాడు. పెన్ను తెచ్చి పక్కన పెట్టాడు. కొట్టెయ్యమని నువ్వు చెప్తే కొడతా, నేనుగా కొట్టను అన్నాడు, అంతే, ఇంకేం అన్లేదు. పేజీ తిప్పితే నా పేరు ఉంది, 2012 ఏప్రిల్ 8, ఈస్టర్ రోజు, వయసు 15. నీలం ఇంకు కొంచెం చెదిరింది, ఆ రోజు నేను తడి జుట్టుతో వచ్చి వంగి చూశానంట, నీళ్ళ చుక్క పడిందంట, ఆయనకి ఇప్పటికీ గుర్తుంది. నా పేరుకి పైన ఒక వరస ఖాళీగా ఉంది, నంబరు మాత్రం వేసి ఉంది. ఇదేంది నాయనా మధ్యలో వదిలావు అని అడిగా. అది మీ అన్నది, ఇద్దరూ ఆ రోజే తీసుకుంటారనుకున్నా, పొద్దున్నే వాడు రానన్నాడు, నంబరు వేసేశా అన్నాడు.

పెన్ను మూత పెట్టి నేనే లోపల పెట్టేశా.

ఆదివారం సాయంత్రం పెద్దాయన ఇంటికి పోయి ఎస్సీ సీటు అయితే నేను నిలబడనండీ, జనరల్ మహిళకి వస్తే అప్పుడు అడగండి, అప్పుడు కూడా కాయ నేను కొట్టను, తిరునాళ్ల ఏర్పాట్లు మాత్రం ఎవరూ వంక పెట్టకుండా చేస్తా అని చెప్పా. ఆయన నీ ఇష్టం అమ్మా అన్నాడు గానీ మొహం అదోలా పెట్టాడు. పల్లెలోనే ఇంకొకామె పేరు అనుకుంటన్నారంట, ఆమె కూడా మన సంఘమే. అది విన్నాక ఒక రాత్రి నిద్ర పట్టలా, నేను చేసింది మంచో చెడో, నా బదులు ఆమెని ఇరికించానేమో అని. రేపు ఆమె దగ్గరికి పోయి వకీలు గారు చెప్పిందంతా చెప్తా, ఆపైన ఆమె ఇష్టం.

బీసీ-సీ సర్టిఫికెట్‌కి ఇప్పుడైతే పెట్టట్లా, అన్నయ్య మీదకి వస్తదని. ఇది కూడా ఒక దాపరికమే అని నాకు తెలుసు పెద్దయ్యా, డిగ్రీలో వాడుకున్న డబ్బు సంగతి కూడా మనసులో ముల్లులా ఉంది. దాన్ని ఏం చెయ్యాలో ఇంకా తెలియట్లేదు, మీరు ప్రార్థన చెయ్యండి. అన్నయ్య ఈ సంగతి తెలిసిన కాడి నుంచి నాతో మాట్లాడట్లేదు, నాయనతో మాత్రం మాట్లాడతన్నాడు.

లైట్ల సంగతి వదల్లేదు. మా గ్రూపు ఆడోళ్ళం ముప్పై మందిమి సంతకాలు పెట్టి గ్రీవెన్సులో అర్జీ ఇద్దామనుకుంటన్నాం, ఊళ్ళో ఆడోళ్ళు కూడా పెడతామన్నారు. కోవూరు అక్కా, పంచాయతీ సెక్రటరీకి, కరెంటోళ్ళకి విడివిడిగా రాయాల్నా ఒకటే కాగితం సరిపోద్దా? నీ దగ్గర పాత అర్జీ ఏదన్నా ఉంటే ఫోటో తీసి పెట్టక్కా.